ఒకే మందు, రెండు ధరలు: పెట్టుబడిదారీ విధానం మనకు మేలు చేసిందా?

#1 సరళరేఖ

నిన్నటి సంగతి. అమ్మకు నెల మందులు ఎప్పుడూ మా వీధి చివరి షాపులోనే తెస్తాను. నిన్న అది మూసి ఉంటే స్టేషన్ రోడ్డులో ఇంకో షాపుకు వెళ్లాను. కొలెస్ట్రాల్ మాత్ర, రోసువాస్టాటిన్ 10 ఎంజీ. ఎప్పుడూ పది మాత్రలకు 190 ఇస్తుంటాను. ఈయన చీటీ చూసి, "అదే కావాలా, అదే మందు వేరే కంపెనీది ఇమ్మంటారా?" అని ఇంకో స్ట్రిప్ కౌంటర్ మీద పెట్టాడు. 45 రూపాయలు. మందు పేరు అదే, మోతాదు అదే. మరి మధ్యలో 145 రూపాయలు ఎక్కడికి పోతున్నట్టు?

రెండూ కొని తెచ్చాను. టేబుల్ మీద పక్కపక్కనే ఉన్నాయి. మా తమ్ముడు చూసి "ఇదేనక్కా క్యాపిటలిజం అంటే, నిలువు దోపిడీ" అన్నాడు. మా ఆయన "45కి దొరకడమూ క్యాపిటలిజమే కదయ్యా, పోటీ లేకపోతే ఎవడిస్తాడు?" అన్నాడు. అన్నం చల్లారేదాకా ఇద్దరూ వాదించుకున్నారు, ఎవరూ తగ్గలేదు.

ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కదా. పెద్ద పెద్ద సిద్ధాంతాలొద్దు, ఈ మాత్ర సంగతి చెప్పండి చాలు.

#2 మందులషాపు మూర్తి

సరళ గారూ, ముప్ఫై ఏళ్లుగా కౌంటర్ వెనకాల నిలబడ్డవాణ్ని, చెప్తా వినండి.

190 స్ట్రిప్‌లో మాత్ర ఖర్చు చాలా తక్కువ. ఆ ధరలో మెడికల్ రెప్పుల జీతాలున్నాయి, వాళ్ల బైకు పెట్రోలుంది, డాక్టర్ల టేబుల్ మీద పెన్ స్టాండుంది, స్టార్ హోటల్లో సదస్సుంది. స్టాకిస్టుకు కొంత, నాకు కొంత. ధర నియంత్రణలో ఉన్న మందైతే నాకు 16 శాతం, మిగతా బ్రాండ్లకు 20 శాతం.

రెండోదాన్ని మా భాషలో జెనరిక్ జెనరిక్ అంటాం. దానికి రెప్పు ఉండడు, డాక్టర్ పేరు రాయడు. కంపెనీ సరాసరి నన్నే పట్టుకుంటుంది. ఒక ఉదాహరణ: అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్ మాత్ర ఒకటి, స్ట్రిప్ మీద అచ్చేసిన ధర 140, నాకొచ్చిన బిల్లులో 17. సగం ధరకిస్తున్నానంటే కొనేవాడు నన్ను దేవుడంటాడు. 70లో నాకు మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి. మీకు 45కిచ్చినాయన మంచివాడే. అందరూ అలా ఉండరు, నాతో సహా.

ఒక పని చేయండి. రెండు స్ట్రిప్‌లూ వెనక్కి తిప్పి ఎక్కడ తయారైందో చదివి చెప్పండి. భూతద్దం కావాల్సొస్తుంది, నవ్వకండి.

#3 లాభంలో తప్పేంటి

మూర్తి గారు ఇంత నిజాయితీగా చెప్పాక నా పని తేలికైంది. 17 రూపాయలకు పది మాత్రలు! దాన్ని చూడండి ముందు. అందులో మందుంది, అల్యూమినియం రేకుంది, అట్టపెట్టె ఉంది, లారీ కిరాయుంది, అందరి లాభమూ ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇంత చవగ్గా వస్తుందా? ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. వందల కంపెనీలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పోటీ పడితే వచ్చింది. తమ్ముడు గారికి చెప్పండి, దోపిడీ అయితే ధర పెరగాలి కానీ తగ్గదని.

నా మటుకు నాకు హైదరాబాద్ మందుల పరిశ్రమే పెట్టుబడిదారీ విధానానికి మంచి సాక్ష్యం. ఉద్యోగం మానేసి సొంతంగా మందు తయారుచేసే రియాక్టర్ పెట్టుకున్నవాళ్ల కథే అదంతా.

#4 లెక్కల మాస్టారు

బాబూ, సాక్ష్యం బాగానే ఉంది కానీ సగం నుంచి మొదలుపెట్టావు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దగ్గరున్నది 1911 నాటి పేటెంట్ చట్టం. మందు మీదే పేటెంటు, పదహారేళ్లు. బజారంతా విదేశీ కంపెనీలదే, ధరలు మండిపోయేవి. స్వేచ్ఛా మార్కెట్ కాదా అది? ఆనాడు పోటీ ఎందుకు రాలేదు? చట్టం రానివ్వలేదు గనక. పేటెంట్ల సంగతి తేల్చడానికి వేసిన అయ్యంగార్ కమిటీ 1959లో నివేదిక ఇచ్చింది. 1970లో కొత్త చట్టం చేశారు, 1972 నుంచి అమలు. మందుకు పేటెంటు ఇవ్వం, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇస్తాం, అదీ ఏడేళ్లు మించకుండా అన్నారు. అంటే అదే మందు ఇంకో దారిలో చేసుకుంటే ఎవడూ అడగడు. నువ్వు చెప్పిన తొక్కిసలాట పోటీ అప్పుడు మొదలైంది.

కాబట్టి పోటీ తనంతట తాను పుట్టలేదు. పార్లమెంటు తలుపు తీస్తే లోపలికొచ్చింది. నేను మార్కెట్‌కు వ్యతిరేకిని కాను, మా అబ్బాయే వ్యాపారం చేస్తాడు. కానీ తలుపు తీసినవాడి పేరు కూడా చెప్పాలి కదా.

#5 పాతకాపు

మాస్టారు తలుపు గురించి చెప్పారు. ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో నేను చెప్తా.

నేను బాలానగర్ ఐడీపీఎల్‌లో చేశాను. 1961లో కేంద్రం పెట్టిన సంస్థ, సోవియట్ సాయంతో. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, హైదరాబాద్‌లో సింథటిక్ మందులు. నేను చేరేనాటికి రష్యన్లు చాలావరకు వెళ్లిపోయారు గానీ వాళ్ల మీటర్ల మీద అక్షరాలు అలాగే ఉండేవి, కొత్తవాళ్లకు అవి చదవడం నేర్పించడమే ఒక తంతు. ఊళ్లో కెమిస్ట్రీ చదివిన కుర్రాడికి అంతకుముందు ఏముంది? బడిలో టీచరు ఉద్యోగం. మా దగ్గర వందల మంది టన్నుల లెక్కన మందు చేయడం నేర్చుకున్నారు. ప్రజల సొమ్ముతో నేర్చుకున్నారు, గుర్తుంచుకోండి. కల్లం అంజిరెడ్డి గారు మా ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికెళ్లినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ చుట్టుపక్కల ఏ కంపెనీకి వెళ్లినా మావాళ్లు ఒకరిద్దరు కనిపించేవారు.

లాభంలో తప్పు లేదు తమ్ముడూ. విత్తనం ఎవరిదో మర్చిపోవడం తప్పు.

#6 లాభంలో తప్పేంటి

పాతకాపు గారూ, నమస్కారం. పొయ్యి వెలిగించింది మీరే, ఒప్పుకున్నా. మరి ఆరిపోయిందెందుకు? 1992లో ఐడీపీఎల్ ఖాయిలా పడి, అలాంటి కంపెనీల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ బోర్డు గుమ్మం ఎక్కింది. అదే ఊరు, అదే చదువు, అదే మనుషులు బయట ప్రపంచానికి మందులు అమ్ముతుంటే లోపల ఎందుకు అమ్మలేకపోయారు?

#7 పాతకాపు

బాధగానే ఉంటుంది గానీ దాచను. ఢిల్లీ నుంచి ఫైలు వచ్చేసరికి బజారులో ధర మారిపోయేది. అవసరానికి మించి మనుషుల్ని నింపారు. రాత్రి షిఫ్టులో పేకాడినవాళ్లనూ చూశాను, అడిగితే యూనియన్ అనేవాళ్లు. నేనూ యూనియన్‌లోనే ఉన్నాను. మా మందు ధర తక్కువగా కట్టేశారు, అదొక కారణం. అన్నిటినీ దాని మీద తోసేయలేను. సొంత డబ్బు పెట్టినవాడికి ఉండే భయం మాకు లేదు. అంతే.

#8 అణువు

ప్రాసెస్ కెమిస్టుని. ఇంకో దారిలో చేసుకుంటే అని మాస్టారు ఒక్క మాటలో తేల్చారు, ఆ దారి వెతకడమే మా బతుకు. అసలు కంపెనీ తొమ్మిది మెట్లలో చేస్తే మేం ఆరింట్లో చేయాలి. ఖరీదైన ద్రావణి బదులు చవకది వాడి చూస్తాం, దిగుబడి రెండు శాతం పెరిగితే ఆ రోజు ల్యాబ్‌లో మిర్చి బజ్జీలు. చిన్న పనే అనిపిస్తుంది, కానీ మందు ధర దిగేది అక్కడే.

2005 నుంచి డబ్ల్యూటీవో ఒప్పందం ప్రకారం మందుకే పేటెంటు మళ్లీ వచ్చింది. కానీ మనవాళ్లు చట్టంలో రెండు కిటికీలు ఉంచుకున్నారు. ఒకటి 3(డి) సెక్షన్: పాత మందుకు కొత్త రూపమిచ్చినంత మాత్రాన, అది ఇంకా బాగా పనిచేస్తుందని చూపకపోతే, పేటెంటు లేదు. బ్లడ్ క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో నొవార్టిస్ 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో ఓడింది దీని మీదే. రెండోది కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటున్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఇంకొకరు ఆ మందు చేసుకునేలా ప్రభుత్వమిచ్చే అనుమతి. కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు వాడే నెక్సావర్‌ను బేయర్ నెలకు 2.8 లక్షలకు అమ్ముతుంటే, 2012 మార్చిలో మన హైదరాబాద్ నాట్కోకు లైసెన్సిచ్చారు. నెల మందు 8,880 రూపాయలు. బేయర్‌కు రాయల్టీ కూడా కట్టాలన్నారు.

రెండూ ప్రైవేటు కంపెనీలే, రెండూ లాభం కోసమే చేశాయి. తేడా అల్లా చట్టం ఎవరి పక్కన నిలబడిందన్నదే.

ఇంకో వైపూ చెప్పాలి. ఆ మందును మొదట కనిపెట్టింది మేం కాదు. పేటెంటు లాభం ఆశ లేకపోతే కొత్త మందు మీద అంత డబ్బు పోసేదెవరన్నదానికి నా దగ్గర మంచి జవాబు లేదు. మనం కాపీలో మొనగాళ్లం. కొత్త అణువులో ఇంకా కాదు.

#9 ఎడిసన్ వాసి

న్యూజెర్సీ నుంచి. మా పక్కింట్లో మందుల కంపెనీ ఉద్యోగి ఉంటాడు, వాడి ఇన్సూరెన్సు కూడా ఇన్సులిన్‌కు చుక్కలు చూపించేది. ఒక్క సీసా లిస్టు ధర 275 డాలర్ల దాకా వెళ్లిన రోజులవి. ఇన్సులిన్ కనిపెట్టింది 1921లో. కనిపెట్టినవాళ్లు పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు, అందరికీ అందాలని. వందేళ్ల తర్వాత జనం డోసు తగ్గించుకుని వాడుకున్నారు ఇక్కడ. 2023 నుంచి మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా) వాళ్లకు నెలకు 35 డాలర్లు దాటకూడదని ప్రభుత్వం గీత గీసింది.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఆరు నెలల మందులుంటాయి. మా కాలనీలో ఇది అందరికీ మామూలే. కాబట్టి పెట్టుబడిదారీ విధానం అని ఒకే పేరు పెట్టి మాట్లాడకండి. ఇక్కడిదీ అక్కడిదీ ఒకటి కాదు.

#10 నక్కవాగు

అందరూ మందు ధర మాట్లాడుతున్నారు. నా పేరు చూశారు కదా, నేను వేరే సంగతి చెప్తా.

మాది పటాన్‌చెరు దిక్కు. నక్కవాగు మా చెల్క పక్కనుంచే పోతది, ముందుకు పోయి మంజీరలో కలుస్తది. మా నాయన చిన్నప్పుడు ఆ నీళ్లు దోసిట్ల పట్టుకుని తాగేటోళ్లంట. నేను చూసేటప్పటికి వాగు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు చాయ్ రంగుల ఉండేది. మీద నురుగు. వాసన వర్ణించలేను, కుళ్లిన పండు మీద ఫినాయిల్ పోసినట్టు అనుకోండి. వానాకాలం రాత్రిళ్లు ట్యాంకర్లు లైట్లు ఆపుకుని వచ్చేవి. కుక్కలు మొరిగితే మా అమ్మ "వచ్చిన్రు" అనేది, దొంగలు వచ్చినట్టు.

బర్రెలు ఆ నీళ్లు తాగి ఈడ్సుకపోయేవి. వరి పొట్టకొచ్చేది, గింజ పాలు పోసుకోకపోయేది. బోరు నీళ్లతోని స్నానం చేస్తే ఒళ్లంతా దద్దుర్లు. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు పోయింది, తర్వాత హైకోర్టుకు, ఆ మీద గ్రీన్ ట్రిబ్యునల్‌కు. మా నాయన జీవితంల సగం ఆ కేసే. పరిహారం రాలేదని అనను, వచ్చింది. ఎకరాకు ఎంతో చెప్తే మీరు నవ్వుతారు.

2007లో స్వీడన్ సైంటిస్టులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేసి పేపరు వేసిన్రు. శుద్ధి అయినంక వదిలే నీళ్లు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మాత్ర మింగిన రోగి రక్తంల ఉండేదానికన్నా ఎక్కువ. జ్వరం లేకుండానే మా వాగు యాంటీబయాటిక్ కోర్సు వాడింది, రోజూ. ఆ నీళ్లల్ల బతకడం నేర్చిన సూక్ష్మజీవులకు రేపు ఏ మందు పనిచేస్తదో అణువు అన్న చెప్పాలి.

17 రూపాయల స్ట్రిప్ ఎట్ల సాధ్యమైందని ఎవరో అడిగిన్రు. మా వాగు నీళ్లకు బిల్లు లేదన్నా. అందుకే.

#11 లాభంలో తప్పేంటి

చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నిజాయితీగా ఒకటే అడుగుతా. ఆ పాపం లాభానిదా, లేక చూసీ చూడనట్టున్న కాలుష్య నియంత్రణ అధికారులదా? ఐడీపీఎల్ అయినా వ్యర్థాలు ఎక్కడో వదలాల్సిందే కదా.

#12 నక్కవాగు

ఇద్దరిదీ. ట్యాంకర్ పంపినోడికి దానివల్ల మిగిలింది. చూడనోడికీ ఏదో మిగిలే ఉంటది. మాకు మిగలలేదు.

ఇంకోటి చెప్తే మీరు నమ్మరు. గింజ పండని ఆ చెల్కే ఇప్పుడు గజాల లెక్కన అమ్ముడుపోతున్నది. రింగు రోడ్డు వచ్చింది కదా. పండినన్నాళ్లు ఎకరం ఎవడూ అడగలే, చచ్చినంక ప్లాట్లయింది. మా చిన్నాయన అమ్మి కారు కొన్నడు. పెట్టుబడిదారీ విధానం మీద నాకెంత కోపమున్నా, మా ఇంట్ల అందరికీ లేదు. అదీ రాయాలి కదా.

#13 పాతకాపు

లాభం తమ్ముడి ప్రశ్నకు: మేమూ వదిలాం. ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు. సర్కారు బోర్డు ఉన్నంత మాత్రాన వాగు ఊరుకోదు.

#14 బీ షిఫ్ట్

నేను ఎక్కువ రాయను. పటాన్‌చెరు దగ్గరి పాశమైలారం పారిశ్రామికవాడలో పనిచేస్తాను. 2025 జూన్ 30న పేలుడు జరిగిన ఫ్యాక్టరీ మాది కాదు, కానీ శబ్దం మాకూ వినిపించింది. నలభై మందికి పైగా పోయారు, చాలామంది బిహార్, ఒడిశా, యూపీ కుర్రాళ్లు. కొందరి ఆనవాళ్లు డీఎన్ఏ పరీక్షతో తేల్చాల్సొచ్చింది.

మా దగ్గర కాంట్రాక్టు కుర్రాళ్లకు భద్రతా శిక్షణ అంటే అరగంట వీడియో, తెలుగులో. వాళ్లకు తెలుగు రాదు. సంతకం మాత్రం పెట్టిస్తారు. పొడి ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గర ఉక్క తట్టుకోలేక మాస్కు గడ్డం కిందికి లాగుకుంటారు, ఇన్‌చార్జి వస్తే పైకి. ఆడిటర్ వచ్చే రోజు మాత్రం అంతా కొత్త గ్లౌజులు. అమెరికా ఆడిటర్ మందు శుభ్రంగా ఉందా అని చూస్తాడు, తప్పు కాదు, ఆయన పని అదే. చేసేవాడి సంగతి చూసేందుకు అంత దూరం నుంచి ఎవరూ రారు.

#15 వేదిక నిర్వాహకుడు

ఒక సభ్యుడి వ్యాఖ్య తొలగించాం. పార్టీల పేర్లు, ముఖ్యమంత్రుల మీద తిట్లు వేరే చోట పెట్టుకోండి. ఈ చర్చ ఇప్పటిదాకా బాగా నడుస్తోంది, చెడగొట్టొద్దు.

#16 తీరం

మాది అనకాపల్లి జిల్లా. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు (మందుల ముడిసరుకు ఫ్యాక్టరీల సముదాయం) వద్దని 2025లో రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. టీవీలో ఒకాయన వాళ్లను అభివృద్ధి నిరోధకులన్నాడు. నక్కవాగు గారు రాసింది ప్రింటు తీసి మా నాన్నకు చదివి వినిపించాను. ఆయన వేట మనిషి. "మనకైతే ప్లాట్లు కూడా అవ్వదురా, సముద్రాన్ని ఎవడు కొంటాడు" అన్నాడు.

#17 లెక్కల మాస్టారు

ఇన్ని వచ్చాక నా లెక్క కొంచెం సవరించుకుంటున్నాను.

ఏ బడి పుస్తకంలోనైనా మార్కెట్ ఎలా పనిచేస్తుందని రాస్తారు? కొనేవాడు చూసి, పోల్చి, బాగున్నది ఎంచుకుంటాడని. మందుల్లో ఎంచుకునేది డాక్టరు, డబ్బిచ్చేది సరళ గారు, మింగేది వాళ్లమ్మ. ముగ్గురూ వేర్వేరు మనుషులు. మాత్ర బాగుందో లేదో ముగ్గురిలో ఎవరికీ కంటితో తెలియదు. అందుకే పేరున్న డబ్బాను నమ్ముతాం, ఆ నమ్మకానికే 145 రూపాయలు. నాణ్యత లేని మందులు దొరికాయని అప్పుడప్పుడు వార్తలొస్తుంటే ఆ నమ్మకాన్ని పిచ్చి అని కూడా అనలేను. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు సరిపడా ఉండి, ప్రతి బ్యాచ్ మీద జనానికి ధైర్యముంటే ఈ తేడా ఇంత ఉండదు. అంటే ప్రభుత్వం గట్టిగా ఉన్నచోటే మార్కెట్ కూడా బాగా పనిచేస్తుంది. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్ల సంగతి తెలుసు కదా, లక్ష పైన అమ్మినవాటికి 2017 ఫిబ్రవరిలో ముప్ఫై వేల లోపు పరిమితి పెట్టారు. ఆస్పత్రులు మూతపడలేదు. మిగతా బిల్లులో ఎక్కడ రాబట్టుకున్నాయన్నది వేరే కథ.

ఇంకోటి, చవక అనే మాట. చైనా మనకంటే చవగ్గా ముడిసరుకు ఇచ్చింది, మన పెన్సిలిన్ ప్లాంట్లు ఒక్కొక్కటే మూసేశాం. లాభం లెక్కలో తప్పు లేదు. కోవిడ్ వచ్చాక చూస్తే ముడిసరుకు దిగుమతుల్లో మూడింట రెండొంతులు వాళ్ల దగ్గర్నుంచే. అప్పుడు 2020లో ప్రోత్సాహకాల పథకం తెచ్చి, 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి మళ్లీ మొదలుపెట్టించారు. ఒకసారి మార్కెట్ మాట విని మూశాం, ప్రజల డబ్బుతో మళ్లీ తెరిచాం.

లాభం బాబుతో నాకు గొడవేం లేదు. బిల్లులో అన్ని పద్దులూ రాయమంటున్నా, అంతే.

#18 లాభంలో తప్పేంటి

మాస్టారూ, అన్ని పద్దులూ రాస్తే 17 రూపాయలది 25 అవుతుంది. ముప్ఫై కూడా అవ్వొచ్చు. కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారా? మనం శుభ్రంగా చేసి 25 అంటే, ఇంకెవడో ఇంకో వాగులో పోసి 17కే ఇస్తాడు. ఆర్డరు వాడికే పోతుంది. నేను తప్పించుకోవడానికి అనడం లేదు, మా బావ మాత్రలు తయారుచేసే చిన్న యూనిట్ పెట్టి ఈ లెక్కలోనే మునిగాడు. వ్యర్థాల శుద్ధికి సరిగ్గా ఖర్చు పెట్టిన ఏడాదే టెండరు పోగొట్టుకున్నాడు. టెండరు పిలిచింది ప్రభుత్వమే, ఇచ్చింది తక్కువ కోట్ చేసినవాడికి.

#19 అణువు

ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ఆ టెండర్లలో ధర అడుగుతారు, నాణ్యత పత్రాలు అడుగుతారు. వాగు గురించి ఒక్క గడి కూడా ఉండదు.

#20 మందులషాపు మూర్తి

అంతా బాగుంది, సరళ గారు ఏరీ? స్ట్రిప్ వెనక చదవమన్నాను, మూడు రోజులైంది.

#21 సరళరేఖ

క్షమించాలి, అమ్మను చెకప్‌కు తీసుకెళ్లాను. భూతద్దం దొరకలేదు, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను.

మూర్తి గారూ, మీరు ఇది ముందే ఊహించారు కదూ? అమ్మే కంపెనీల పేర్లు వేరు. తయారుచేసింది మాత్రం ఒకరే. బద్ది, హిమాచల్ ప్రదేశ్. ప్లాటు నంబరు అదే, తయారీ లైసెన్సు నంబరూ అదే! మా ఆయనా తమ్ముడూ ఇద్దరూ ఆ ఫొటో చూసి, మళ్లీ చెరోవైపు వాదన మొదలుపెట్టారు.

డాక్టరు గారికి చూపించాను. "మందు అదే, వాడొచ్చు, రెండు నెలల తర్వాత లిపిడ్ టెస్ట్ చేయించండి" అన్నారు. అమ్మకు అంతా వివరంగా చెప్పాను, ఒకే చోట చేశారని, ఒకే మందని. అంతా విని, "సరే కానీ, నాకు మాత్రం ఆ 190దే తెచ్చిపెట్టు" అంది.

#22 లెక్కల మాస్టారు

అమ్మగారికి నమస్కారాలు. బద్దిలో అన్ని ఫ్యాక్టరీలు ఎందుకున్నాయో కూడా చెప్పేస్తా. 2003లో హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు కేంద్రం ఎక్సైజు పన్ను మినహాయింపు ఇచ్చింది. మందులు కొండెక్కాయి.

#23 నక్కవాగు

మాస్టారూ, ఆ బద్ది పక్కన వాగు ఏమన్నా ఉందా?

#24 మందులషాపు మూర్తి

ఉంది తమ్ముడూ. సిర్సా అంటారు.